వెండితెర విశ్వరూపము

పల్లెలలో గుడారములు వేసి బొమ్మలాడించిన టూరింగు టాకీసులను గూర్చి నేటి విద్యార్థులు పెద్దల నోట వినియుందురు. అందు కుర్చీలు, బెంచీలు వెనుక ఉండెడివి. నేల టిక్కెట్టువారు తెరకు ముందు ఇసుకలో కూర్చుండి తలలెత్తి చూచెడివారు. కుర్చీకి వెల హెచ్చు, నేలకు వెల తక్కువ. ఐనను ఒక్క విషయమున నేలవానిదే పైచేయి. అతని కంటికి తెర తప్ప మరేమియు కానరాదు. బొమ్మలో పరుగెత్తు గుఱ్ఱము తన మీదికే వచ్చుచున్నట్లు అతనికి తోచును. కాని అంత దగ్గరనుండి చూచువానికి ఒక చిక్కు కలదు. ముఖములు అలికినట్లు మసకబారును. ఫిలిముపై గల గీతలు, మచ్చలు పెద్దవై కనబడును.

బొమ్మ కంటినిండ ఉండవలెను; అది స్పష్టముగను ఉండవలెను. ఈ రెండు కోరికలకు ఒకదానితో ఒకదానికి పొసగదు. మొదటిది తీరిన రెండవది చెడును. రెంటిని ఒక్కసారి, ఒక్కరికి గాక వందలమందికి, తీర్చుటకై జరిగిన ప్రయత్నమే మహాతెరల చరిత్ర.

కన్ను కోరునది ఏమి?

ఎదుటికి చూచుచున్న మనుష్యునకు రెండు కన్నులతో కుడినుండి ఎడమకు ఇంచుమించు 180 డిగ్రీల మేర కనబడును. కాని ఆ మేర అంతయు ఒక్కతీరుగ కనబడదు. రెటీనా నడుమనున్న చిన్న భాగము మాత్రమే అక్షరములను, ముఖములను విడమరచి చూపగలదు. అంచులు వివరములను గుర్తింపలేవు గాని కదలికను చప్పున పసిగట్టును. స్టేషనులో ప్రక్కనున్న రైలు కదలినప్పుడు మన రైలే కదలినదని భ్రమపడుట అందరికి అనుభవమే. కిటికీనిండ కదలిక కనబడగానే మెదడు, కదలుచున్నది తన దేహమేయని తీర్మానించుకొనును. తెర కంటి అంచులవరకు వ్యాపించినప్పుడు కలుగు వింతకు కారణము ఇదియే.

రెండవ కోరిక స్పష్టత. డిగ్రీలో 60వ వంతును నిమిషము అందురు. మంచి చూపుగల కన్ను సుమారు ఒక నిమిషము కోణము చేయు వివరమును విడదీసి చూడగలదు. తెరకు 24 మీటర్ల దూరమున కూర్చున్నవానికి ఇది 7 మిల్లీమీటర్లకు సమానము. అనగా, తెరపై 7 మిల్లీమీటర్లకు మించిన మచ్చ అతనికి కనబడును. అంతకు తక్కువైనది కనబడదు. ఈ ఏడు మిల్లీమీటర్ల లెక్కను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు చెప్పబోవు కథలో దీనితో పలుమారులు పని పడును.

తొలి సాహసములు

తెరను పెద్దది చేయవలెనను కోరిక సినిమా పుట్టిన కొలదికాలమునకే పుట్టినది. లూమియేర్ సోదరులు పారిస్ నగరమున తమ చలనచిత్రములను ప్రజలకు టిక్కెట్టుపై చూపినది 1895లో. ఐదేండ్లు గడచి 1900లో అదే నగరమున ప్రపంచ ప్రదర్శనము జరిగినప్పుడు, యంత్రశాలయందు వారు ఇంచుమించు 21 మీటర్ల వెడల్పు, 16 మీటర్ల ఎత్తుగల తెరను వ్రేలాడదీసిరి. ఆ గుడ్డను నీటితో తడిపెడివారు. తడిసిన గుడ్డగుండ కాంతి ప్రసరించును గనుక తెరకు ఇరువైపుల కూర్చున్నవారును బొమ్మను చూడగలిగిరి.

ఆ ప్రదర్శనముననే రావూల్ గ్రిమ్వాఁ సాంసోఁ అను నతడు మరింత సాహసించెను. ప్రేక్షకులను బెలూను బుట్టవంటి వేదికపై నిలిపి, పది ప్రొజెక్టర్లతో చుట్టును బొమ్మ చూపవలెనని అతని యోచన. పది దీపముల వేడికి అగ్నిభయము కలిగినందున ఆ యోచన సాగలేదు. 1927లో ఫ్రెంచి దర్శకుడు ఆబెల్ గాన్స్ తన ‘నెపోలియన్’ చిత్రపు చివరి ఘట్టమును మూడు తెరలపై ప్రక్కప్రక్కన చూపెను. ఒక్క యంత్రముతో కానిది పలు యంత్రములతో సాధింపవచ్చునను ఆలోచన ఈ యత్నములన్నిటికి మూలము.

మూడు కన్నుల సినిమా

ఆ ఆలోచనను సఫలము చేసినవాడు అమెరికాకు చెందిన ఫ్రెడ్ వాలర్. ఇతడు సినిమాలలో చిత్రవిచిత్ర దృశ్యములను కల్పించు పనివాడు. మనకు దూరము, లోతు తెలియుటలో కంటి అంచుచూపునకు పెద్ద పాత్ర కలదని ఇతడు గ్రహించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఐదు ప్రొజెక్టర్లతో, గోళాకారపు తెరతో, విమానములపై గురిచూచి కాల్చుట నేర్పు శిక్షణ యంత్రమును ఇతడు నిర్మించెను. సైనికులకు గురి నేర్పిన ఆ యంత్రమే యుద్ధానంతరము వినోదమునకు దారి చూపినది. దాని పేరు సినెరామా.

1952 సెప్టెంబరు 30న న్యూయార్కు నగరమున తొలి ప్రదర్శనము జరిగెను. మొదట తెర నడుమ చిన్న నలుపు తెలుపు బొమ్మ కనబడెను. అందు లోవెల్ థామస్ అను ప్రసిద్ధ వ్యాఖ్యాత చిత్రకళయొక్క చరిత్రను తాపీగ వివరించెను. పిమ్మట పరదాలు ఇరుప్రక్కలకు తొలగిపోయినవి. రంగులతో నిండిన అర్ధచంద్రాకారపు తెరపై ప్రేక్షకులు ఒక్కసారిగ సంతలలో కనబడు ఎత్తుపల్లముల బండిలో కూర్చున్నట్లైరి. బండి లోయలోనికి దూకినప్పుడెల్ల హాలులోనివారు కుర్చీల చేతులు గట్టిగ పట్టుకొనిరి.

మూడు కటకములుగల కెమెరాతో మూడు ఫిలిములపై ఒకేసారి చిత్రము తీసి, మూడు ప్రొజెక్టర్లతో వక్రమైన తెరపై వేయుట సినెరామా పద్ధతి. బొమ్మ అడ్డముగ 146 డిగ్రీలు, నిలువుగ 55 డిగ్రీలు వ్యాపించును. ఫ్రేములు సెకనుకు 24కు బదులు 26 చొప్పున కదలును. ధ్వనికి ఏడు మార్గములు. వంగిన తెరకు మరియొక ఇబ్బంది కలదు. ఒక అంచున పడిన కాంతి ఎదుటి అంచుపై పడి బొమ్మను వెలిసిపోజేయును. అందువలన తెరను ఒకే గుడ్డగా గాక, సుమారు 1,100 నిలువు పట్టీలను కిటికీ రెక్కలవలె కొంచెము వాలుగ అమర్చి కట్టిరి. అడ్డముగ వచ్చు కాంతి పట్టీల వెనుకకు పోయి నశించును.

ఇంత చేసినను, మూడు బొమ్మలు కలియు చోట రెండు నిలువు గీతలు కనబడుచునే ఉండెను. మూడు యంత్రములలో ఒక్కటి అదుపు తప్పినను బొమ్మ విరుగును. ఒక ఫిలిము తెగిన, పోయిన ఫ్రేములకు బదులు అన్ని నల్ల ఫ్రేములను అతికి లెక్క సరిచేయవలెను. ముగ్గురు నడుపువారి జీతములు, మూడు గదుల ఖర్చు సరేసరి. కథాచిత్రములు రెండు ఈ పద్ధతిలో 1962లో విడుదలైన పిమ్మట మూడు ఫిలిముల సినెరామా మూలబడినది.

వెడల్పు పెరిగినది, వివరము పెరగలేదు

అప్పటికి అమెరికాలో టెలివిజను ఇంటింట ప్రవేశించి సినిమాహాళ్లకు పోవువారి సంఖ్యను తగ్గించుచుండెను. ఇంటిలో దొరకనిది హాలులో చూపవలెను. సినెరామా అందరికి అందుబాటు కాదు గనుక చవకైన మార్గమును వెదకిరి. ఆ మార్గము ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు ఆన్రి క్రెత్యాఁ వద్ద దొరకినది. హబుల్ అంతరిక్ష దూరదర్శినిలోని అద్దముల అమరిక కూడ ఇతని పేరుతోనే పిలువబడుచున్నది. ఇతడు 1920ల నాటికే కల్పించిన కటకము విశాలదృశ్యమును అడ్డముగ సగమునకు నొక్కి మామూలు ఫిలిముపై పట్టించును. ప్రొజెక్టరునందలి కటకము దానిని మరల సాగదీయును. ఇదియే సినిమాస్కోపు. ఈ పద్ధతిలో తొలిచిత్రము ‘ది రోబ్’ 1953లో విడుదలయ్యెను. తెలుగున తొలి సినిమాస్కోపు చిత్రము 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’.

తెర విశాలమైనది గాని ఫిలిము పాత 35 మిల్లీమీటర్లదే. కొలది పిండితో పెద్ద రొట్టె చేసిన పలుచబడక తప్పదు. కావున ఫిలిమునే వెడల్పు చేసిరి. 70 మిల్లీమీటర్ల ఫిలిముపై ‘ఓక్లహామా’ అను చిత్రము 1955లో వచ్చినది. దాని ఫ్రేము మామూలు ఫ్రేమునకు ఇంచుమించు మూడు రెట్లు. సినెరామా మూడు ఫిలిములతో చేసిన పనిని ఇది అతుకులు లేక ఒక్క ఫిలిముతో చేసినది.

మన దేశమున 70 ఎం.ఎం. అను మాట చిత్రములకే గాక హాళ్లకును బిరుదైనది. హైదరాబాదు ఆర్.టి.సి. క్రాస్ రోడ్సునందలి సంధ్య 70 ఎం.ఎం. వంటి పేర్లు దీనికి నిదర్శనము. తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రము ‘సింహాసనం’ 1986లో విడుదలయ్యెను. ఇచట ఒక విషయము గమనింపదగినది. మన దేశమున కొన్ని చిత్రములను 35 మిల్లీమీటర్లపై తీసి, పిదప 70 మిల్లీమీటర్లకు పెంచి ముద్రించెడివారు. 1975 నాటి ‘షోలే’ అట్టిది. పెంచి ముద్రించుట వలన కాంతి, ధ్వని మెరుగగును. కాని మొదటి ఫిలిముపై లేని వివరము క్రొత్తగ రాదు.

ఫిలిమును అడ్డముగ త్రిప్పినవారు

1967లో కెనడాలోని మాంట్రియల్ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున పలు తెరల చిత్రములు జనులను విశేషముగ ఆకర్షించెను. వాటిని తీసినవారిలో గ్రేమ్ ఫెర్గూసన్, అతని బావ రోమన్ క్రోయిటర్ ఉండిరి. పలు యంత్రములను ఒక్క త్రాటిపై నడపుటలోని కష్టములు వారికి బాగుగ తెలిసివచ్చినవి. పెద్ద ఫిలిముతో నడచు ఒకే ఒక శక్తిమంతమైన యంత్రము కావలెనని వారు తలచిరి. ఫెర్గూసన్ తన బాల్యస్నేహితులైన రాబర్ట్ కెర్‌ను, ఇంజనీరు విలియం షాను తోడు తెచ్చుకొనెను. ఈ నలువురి కృషి ఫలితమే ఐమాక్స్.

వారి యుక్తి వినుటకు సులభము. 70 మిల్లీమీటర్ల ఫిలిమును పైనుండి క్రిందికి నడపుటకు బదులు అడ్డముగ నడపిరి. ఫిలిము వెడల్పు ఇప్పుడు ఫ్రేమునకు ఎత్తైనది. పొడవున ఎంత కావలెనన్న అంత తీసికొనవచ్చును. ఫ్రేము ఒక్కటికి అంచు రంధ్రములు 15. తెరపై వేయు భాగము 69.6 మిల్లీమీటర్ల వెడల్పు, 48.5 మిల్లీమీటర్ల ఎత్తు. ఇది మామూలు 35 మిల్లీమీటర్ల ఫ్రేమునకు తొమ్మిది రెట్లకు మించినది.

ఆచరణ మాత్రము సులభము కాదు. ప్రొజెక్టరులో ఫిలిము ఎడతెగక ప్రవహించునది కాదు. ఒక ఫ్రేము దీపముముందు నిలిచి, కదలి, తరువాతిది వచ్చి నిలువవలెను. ఇది సెకనుకు 24 మారులు. మామూలు ఫిలిము ప్రతిమారు 19 మిల్లీమీటర్లు కదలిన చాలును. ఈ ఫిలిము 71 మిల్లీమీటర్లకు పైగా కదలవలెను. పాత పద్ధతిలో పండ్లచక్రముతో గుంజిన రంధ్రములు చిరిగిపోవును. దీనికి ఉపాయము ఆస్ట్రేలియాలో దొరకినది. బ్రిస్బేను నగరవాసి రాన్ జోన్స్ ఫిలిమును గుంజక, అలవలె మడత వేసి నెట్టు యంత్రమును కల్పించియుండెను. గొంగళిపురుగు వీపుపై మడత వెనుకనుండి ముందుకు సాగుట చూచినవారికి ఇది తేలికగ అర్థమగును. మడత సాగిపోయిన చోట ఫిలిము నెమ్మదిగ పరచుకొని, పిన్నులచే సరియైన చోట నిలుపబడి, పీల్చు గాలిచేత గాజుకు అంటుకొని కదలక నిలుచును. షా ఈ యంత్రమును పెంచి, సరిచేసి నమ్మదగినదిగ చేసెను.

1970లో జపానులోని ఒసాకా ప్రదర్శనమున ‘టైగర్ చైల్డ్’ అను చిత్రముతో ఐమాక్స్ తొలిసారి వెలుగుచూచెను. మరుసటి ఏడు టొరాంటోలో దానికి శాశ్వతమైన హాలు ఏర్పడెను. 1973లో అమెరికాలోని సాన్ డియాగోలో గుమ్మటము లోపలి వంపునే తెరగ చేసికొని ఇట్టి చిత్రములను చూపిరి. 1976లో వాషింగ్టనులోని జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియమున ‘టు ఫ్లై’ చిత్రము ప్రారంభమయ్యెను. 1984లో ఈ కెమెరాలు అంతరిక్ష నౌకలలో భూమిచుట్టు తిరిగెను. వ్యోమగాములే ఛాయాగ్రాహకులై తీసిన ఆ దృశ్యములతో మరుసటి ఏడు ‘ది డ్రీమ్ ఈజ్ అలైవ్’ వెలువడెను.

ఒక చిన్న లెక్క

29 మీటర్ల వెడల్పుగల తెరను తీసికొందము. 22 మిల్లీమీటర్ల వెడల్పుగల మామూలు ఫ్రేమును దానినిండ వేయవలెనన్న సుమారు 1,300 రెట్లు పెంచవలెను. ఫిలిముపై మిల్లీమీటరులో నూరవ వంతు దుమ్ము తెరపై 13 మిల్లీమీటర్ల మచ్చ యగును. ఐమాక్స్ ఫ్రేమును సుమారు 416 రెట్లు పెంచిన చాలును. అదే దుమ్ము 4 మిల్లీమీటర్ల మచ్చ యగును. 24 మీటర్ల దూరమున కంటికి ఆనునది 7 మిల్లీమీటర్లని పైన చెప్పుకొంటిమి. కావున మొదటి మచ్చ కనబడును, రెండవది కనబడదు. మహాతెర రహస్యమంతయు ఈ 13కు, 4కు నడుమ నున్నది.

దీనికి మూల్యము కూడ ఉన్నది. ఈ ఫిలిము నిమిషమునకు సుమారు 102 మీటర్లు పరుగెత్తును. మామూలు ఫిలిము 27 మీటర్లే. కెమెరాలో 1,000 అడుగుల చుట్ట మూడు నిమిషములలో ఐపోవును. కెమెరా చేయు చప్పుడులో మాటలు పట్టుట కష్టము. ప్రొజెక్టరు దీపమునకు 15 కిలోవాట్ల విద్యుచ్ఛక్తి కావలెను. దానిని నీటితో చల్లార్చవలెను. అందుచేతనే ముప్పది ఏండ్లపాటు ఐమాక్స్ చిత్రములు చాలవరకు ముప్పావుగంటకు లోబడిన ప్రకృతి, విజ్ఞాన చిత్రములుగ మ్యూజియములలోనే ఉండిపోయినవి.

కథాచిత్రములు ప్రవేశించుట

2002లో ‘అపోలో 13’ చిత్రపు 35 మిల్లీమీటర్ల ఫిలిమును కంప్యూటరుతో శుభ్రపరచి ఐమాక్స్ ఫిలిముపై ముద్రించిరి. ప్రొజెక్టరు పళ్లెములు నాడు రెండు గంటల ఫిలిమును మించి మోయలేకపోయినందున చిత్రమును కత్తిరింపవలసి వచ్చెను. 2008లో ‘ది డార్క్ నైట్’ చిత్రమున కొన్ని ఘట్టములను ఐమాక్స్ కెమెరాతోనే తీసిరి. మ్యూజియముల యంత్రము ఆ విధముగ భారీ కథాచిత్రములకు వాహనమయ్యెను. 2023లో వచ్చిన ‘ఆపెన్‌హైమర్’ ముద్రిత ప్రతి మూడు గంటలది. ఫిలిము పొడవు 11 మైళ్లు, బరువు సుమారు 270 కిలోలు. ఐనను దానిని అట్టి ఫిలిముతో చూపగలిగిన హాళ్లు ప్రపంచమంతటిలో 30 మాత్రమే.

తక్కిన హాళ్లు ఏమైనవి? 2008లోనే ఐమాక్స్ డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చినవి. ఫిలిము, దాని బరువు, దాని ఖర్చు తప్పినవి. కాని అడ్డముగ 2,048 బిందువులుగల ఆ బొమ్మను 29 మీటర్ల తెరపై వేసిన ఒక్కొక్క బిందువు 14 మిల్లీమీటర్లగును. 7 మిల్లీమీటర్ల లెక్క ఇచట మరల అడ్డుపడును. కావున ఆ యంత్రములను ఎక్కువగ చిన్న తెరలుగల హాళ్లలో నిలిపిరి. పేరు మాత్రము అదియే. ఒకే పేరుగల రెండు హాళ్లలో ఒకదాని తెర మరియొకదానికంటె ఎంతో చిన్నదగుట ఇందువలననే. పిమ్మట లేజరు కాంతితో, 4,096 బిందువులతో పనిచేయు యంత్రములు వచ్చినవి. వానితో బిందువు 7 మిల్లీమీటర్లకు దిగెను. కంటి ఎల్లకు డిజిటల్ పద్ధతి అప్పటికి చేరుకొన్నది.

మన నేలపై మహాతెర

హిందీ, తమిళ, తెలుగు భాషల తొలి టాకీలు మూడింటను నటించిన ఎల్.వి. ప్రసాద్ ఏలూరు ప్రాంతపువాడు. ఆయన కుటుంబము 2003లో హైదరాబాదున ఐమాక్స్ హాలును నిర్మించెను. తెర 95 అడుగుల వెడల్పు, 72 అడుగుల ఎత్తు. పైన లెక్కకు తీసికొన్న 29 మీటర్లు ఈ తెర వెడల్పే. తరువాతి దశాబ్దమున అచట ఐమాక్స్ ప్రదర్శనములు నిలిచిపోయెను. 2017లో ‘బాహుబలి’ రెండవ భాగము ఐమాక్స్ రూపమున దేశవిదేశములలో ప్రదర్శింపబడినప్పుడు, ఆ చిత్రము పుట్టిన హైదరాబాదున ఆ పేరుగల హాలు ఒక్కటియు లేకుండెను. తెలుగువారు తీసిన బొమ్మను దాని నిండురూపమున చూడగోరిన తెలుగువాడు పొరుగు రాష్ట్రమునకో, పొరుగు దేశమునకో పోవలసి వచ్చెను.

ఐనను పెద్దతెరపై ఇచటివారికి గల మక్కువ తగ్గలేదు. 2019లో సూళ్లూరుపేట వద్ద వంద అడుగులకు మించిన వెడల్పుగల తెరతో ఒక హాలు వెలసెను. 2022లో హైదరాబాదు ప్రసాద్స్ హాలులో పాత తెరకు బదులు 101.6 అడుగుల వెడల్పు, 64 అడుగుల ఎత్తుగల తెరను అమర్చిరి. వెడల్పు పెరిగి ఎత్తు తగ్గుటకు కారణము సులభముగనే ఊహింపవచ్చును. నేటి కథాచిత్రములు చాలవరకు అడ్డముగ విశాలమైనవి. ఐమాక్స్ ఫిలిమువలె ఇంచుమించు చతురస్రములు కావు.

నేల టిక్కెట్టు న్యాయము

విద్యార్థులు ఒక ప్రశ్న వేయవచ్చును. 29 మీటర్ల తెర 24 మీటర్ల దూరమునుండి 62 డిగ్రీల కోణము చేయును. 10 మీటర్ల తెరకు 8.3 మీటర్ల దూరమున కూర్చున్నను అదే 62 డిగ్రీలు. 15 సెంటీమీటర్ల సెల్‌ఫోనును కంటికి 12.5 సెంటీమీటర్ల దూరమున పట్టుకొన్నను కోణము అంతియే. మరి మహాతెర ఎందులకు?

సెల్‌ఫోను సంగతి తేలికగ తేలిపోవును. అంత దగ్గర వస్తువుపై కన్ను నిలువదు, కండరములు అలసిపోవును, రెండు కన్నులును లోపలికి తిరిగి, వస్తువు ముక్కు ముందున్నదని మెదడునకు చెప్పివేయును. చిన్నహాలు సంగతి వేరు. అచట 62 డిగ్రీలు దొరకునది ముందు వరుసవారికి మాత్రమే. వెనుక 24 మీటర్ల దూరమున కూర్చున్నవానికి అదే తెర 24 డిగ్రీలకు కుదించుకొనిపోవును. మహాతెరముందు కొన్ని వందలమంది ఒకేసారి ఆ విశాలకోణమును అనుభవింపగలరు. వెనుకటి టూరింగు టాకీసులో నేల టిక్కెట్టువానికి మాత్రమే దక్కిన భాగ్యమును హాలులోని వారందరికి, మసక లేకుండ పంచిపెట్టుటయే దాని ప్రయోజనము.

కావున హాలు ముందు వెలుగు అక్షరములను చూచి మహాతెరయని నమ్మనక్కరలేదు. తెర వెడల్పు ఎంత, కుర్చీ దూరమెంత, బొమ్మలో బిందువులెన్ని అను మూడు ప్రశ్నలు చాలును. మొదటి రెంటిని అడుగులు వేసి అంచనా కట్టవచ్చును. మూడవది హాలువారిని అడిగి తెలిసికొనవచ్చును. పదవ తరగతి త్రికోణమితి వచ్చినవాడు తక్కిన లెక్క తానే చేసికొని, టిక్కెట్టు వెలకు తగిన కోణము దొరకినదో లేదో తేల్చుకొనగలడు.